లాక్‌డౌన్ రోజులు: అందింది, అందనిది, ఇక మన సంఘాలు చేయాల్సింది

(బోథ్‌ల జరిగిన మహిళా సంఘాల వార్షిక మహాసభలో పాలకవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం, సెప్టెంబర్ 2021)



ప్రతి ఏడు ఈ సభల పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అనే లెక్క మీ ముందు పెడతం. ఆ లెక్క ఈ పుస్తకంలనే పట్టికలల్ల ఉన్నది, చూసుకోండి. ఇప్పుడు మేము చెప్పేది ఇంకో లెక్క. ఏడాదిన్నర సంది మన ఇండ్లల్ల ఏం జరిగింది, సర్కారు ఏమిచ్చింది, అది ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, దాంట్ల సంఘం చేసేది ఏంది అనే లెక్క. చివరికి నాలుగు తీర్మానాలు మీ ముందు పెడతం. ఒప్పుకుంటే చేతులెత్తాలె. ఒప్పుకోకుంటే లేచి చెప్పాలె.

ముందు తేదీలు యాది చేసుకుందాం, ఎందుకంటే ఇప్పటికే ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతున్నయి. 2020 మార్చి 22 నాడు జనతా కర్ఫ్యూ అన్నరు. ఒక్క దినమే కదా అనుకున్నం. ఆ రాత్రి వరకే మన రాష్ట్రంల నెలాఖరు దాక బంద్ అన్నరు. 24 నాడు రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీల చెప్పిన్రు, అర్ధరాత్రి నుంచి దేశమంత 21 దినాలు లాక్‌డౌన్. అంటే నాలుగు గంటల వ్యవధి. ఆ 21 దినాలు ఏప్రిల్ 14తోని ఒడువలేదు. మే 3 అన్నరు, 17 అన్నరు, 31 అన్నరు. మన రాష్ట్రం మే 7 అని, మళ్ల 29 అని వేరే చెప్పింది. రాత్రి 7 నుంచి పొద్దుగాల 6 దాక కర్ఫ్యూ. ఏడాది తిరిగి 2021 మే 12 నాడు రెండోసారి మన రాష్ట్రంల లాక్‌డౌన్ పెట్టిన్రు. మొదట్ల పొద్దుగాల 6 నుంచి 10 దాక నాలుగు గంటలే సడలింపు. జూన్ 20 నాడు గాని పూర్తిగ ఎత్తేయలే.

తాళం అందరికీ ఒక్కటే పడ్డది, దెబ్బ మాత్రం ఇల్లిల్లుకు వేరు. నెల జీతం వచ్చే ఇంట్ల భయమున్నది గాని పొయ్యి ఆరలే. కైకిలికి పోయే ఇంట్ల మూడో దినానికే డబ్బాలు ఖాళీ అయినయి. మార్చి, ఏప్రిల్ మనకు ఎట్లాంటి కాలమో మీకు ఎరుకే. శనగ, మక్క, జొన్న చేతికొచ్చే కాలం. గూడేలల్ల ఇప్పపువ్వు ఏరే కాలం, దాని వెనుకనే తునికాకు. సరిగ్గ అప్పుడే అంగళ్లు బంద్, బస్సులు బంద్, కొనేటోడు రాడు. కూరగాయల గంప పెట్టుకునే అక్క, గాజులమ్మే చెల్లె, చాయ్ హోటల్ నడిపే సభ్యురాలు, మిషన్ కుట్టే సభ్యురాలు, వీళ్ల సంపాదన ఒక్కరోజుల సున్నా అయింది. నిర్మల్, కరీంనగర్ దిక్కు బీడీలు చుట్టే అక్కలకు ఆకు, తంబాకు రావుడే ఆగింది.

ఊర్లు కూడ తమంతల తాము తాళం వేసుకున్నయి. పొలిమేరల ముండ్లకంపలు, బండలు అడ్డం పెట్టి కొత్తోళ్లను రానియ్యలే. గత్తర, మశూచి వచ్చిన కాలంల కూడ ఊరు కట్టడి చేసేటోళ్లని మన ముసలోళ్లు చెప్పేటోళ్లు. ఆ తెలివి మంచిదే. కానీ ఆ కంప నొప్పులు పడే ఆడమనిషికి అడ్డం కావద్దు, హైదరాబాద్ నుంచో బొంబాయి నుంచో నడిచొచ్చిన మన కొడుకుకు కూడ అడ్డం కావద్దు. కిన్వట్ దిక్కు తల్లిగారిల్లు ఉన్న కోడళ్లకు మహారాష్ట్ర హద్దు మూసేసరికి అమ్మ ముఖం చూసే దారి లేకుంటైంది. బయటి నుంచి వచ్చినోళ్లను 14 దినాలు చేను కాడనో బడిలనో ఉంచిన కాడ, వాళ్లకు బువ్వ ఎవరు పంపిన్రు? ఎక్కువ ఊర్లల్ల ఇంటి ఆడోళ్లు, సంఘపోళ్లే.

ఇగ సర్కారు సాయం సంగతి. మన రాష్ట్ర ప్రభుత్వం ఆహార భద్రత కార్డు ఉన్నోళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం పుక్కటికి ఇచ్చింది, కార్డుకు 1,500 రూపాయలు ఖాతాల వేసింది. ఖాతా లేనోళ్లకు పోస్టాఫీసుల ఇచ్చిన్రు. కేంద్రం జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడోళ్లకు ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలు 500 చొప్పున వేసింది. ఉజ్వల గ్యాస్ ఉన్నోళ్లకు మూడు సిలిండర్లు అన్నది. మన రాష్ట్రంల కరువు పని కూలి 211 నుంచి 237 అయింది. ఇవన్నీ నిజంగ వచ్చినయి, ఆ నెలల్ల పొయ్యి వెలిగించినయి. రాలేదని చెప్తే అబద్ధమైతది.

వచ్చినయి సరే, చేతికి అందుడు వేరే తిప్పల. జన్‌ధన్ పైసలకు ఖాతా నంబరు చివరి అంకెను బట్టి తారీఖులు పెట్టిన్రు. 0, 1 ఉన్నోళ్లకు ఏప్రిల్ 3, 2, 3 ఉన్నోళ్లకు 4, అట్ల 9 దాక. ఈ ముచ్చట ఎంతమందికి తెలుసు? అందరూ ఒక్కటే దినం బ్యాంకు కాడికి ఉరికిన్రు, ఎందుకంటే “తీసుకోకుంటే సర్కారు వాపస్ తీసుకుంటది” అని ఎవరో పుకారు లేపిన్రు. అది ఒట్టి అబద్ధమని సర్కారే చెప్పాల్సి వచ్చింది. ఎర్రటి ఎండల ముసలవ్వలు నిలబడ్డరు. ఒక బ్యాంకు కాడ పొద్దంత లైన్ల నిలబెట్టి “సర్వర్ లేదు” అని పంపిచ్చిన దినాలు కూడ ఉన్నయి. వీఓఏలు ఇల్లిల్లు తిరిగి పాసుపుస్తకాలు చూసి, ఎవరు ఏ తారీఖున పోవాలెనో కాగితం మీద రాసిచ్చిన కాడ తొక్కులాట తగ్గింది. దానికి ఖర్చు కాలేదు. పాసుపుస్తకంల అంకె చదివే మనిషి ఒకరు ఊర్లె ఉంటే సరిపోయింది.

ఇగ అన్నిటికంటె పెద్ద ముచ్చట కార్డు. బియ్యమైనా, 1,500 అయినా కార్డును బట్టే. కార్డు లేకుంటే ఆకలి లేనట్టే లెక్క. మన కాడ కొత్త కార్డులకు దరఖాస్తు పెట్టి ఏండ్లు ఎదురుచూసినోళ్లు ఎంతోమంది. వేరుపడ్డ కొడుకు, కోడలు, భర్త వదిలేసిన ఆడమనిషి, కిన్వట్ దిక్కు నుంచి వచ్చిన కోడలు, ఆమె పేరు అక్కడి కార్డుల ఉంటది, ఇక్కడి కార్డుల ఎక్కదు. పుట్టిన పిల్లల పేర్లు ఎక్కయి. ఒక లెక్క చూడుండ్రి. ఇంట్ల ఆరుగురు, కార్డుల నలుగురు. ఆరుగురికి 72 కిలోలు రావాలె, వచ్చింది 48. నెలకు 24 కిలోలు తక్కువ. అంటే ఇద్దరి నోటి కాడి బువ్వ. ఆ ఇద్దరు ఎవరైతరు? అందరు తిన్నంక తినేది ఎవరో ఈ సభల ఉన్నోళ్లకు మేము చెప్పాల్సిన పని లేదు. 2021 జూలై 26 నుంచి రాష్ట్రంల 3 లక్షలకు పైగ కొత్త కార్డులు ఇచ్చిన్రు. మంచిది. కానీ ఆకలి తగిలింది 2020 ఏప్రిల్‌ల.

అప్పుల సంగతికి వద్దాం. 2020 మార్చి నుంచి మే దాక కంతులు కట్టకున్నా నడుస్తదని రిజర్వు బ్యాంకు చెప్పింది, తర్వాత ఆగస్టు దాక పెంచింది. మారటోరియం అన్నరు. మనోళ్లల్ల చానమంది “ఆరు నెలల అప్పు మాఫీ అయింది” అనుకున్నరు. మాఫీ కాదు, వాయిదా మాత్రమే. మిత్తి నడుస్తనే ఉంటది. సంఘం మీద 3 లక్షల అప్పు ఉన్నదనుకుందాం, నూటికి రూపాయి మిత్తి. నెలకు 3,000. ఆరు నెలలకు 18,000. పది మందికి పంచితే తలకు 1,800, అది కూడ మిత్తి మీద మిత్తి చూడకుండనే. అదే కాలంల సంఘాలకు పూచీకత్తు లేని అప్పు పరిమితి 10 లక్షల నుంచి 20 లక్షలకు పెంచినం అని కేంద్రం చెప్పింది. అవసరమున్నోళ్లకు అది పనికొస్తది. కానీ సాయం వేరు, అప్పు వేరు. చేతుల పని లేనప్పుడు అప్పు పరిమితి పెరిగితే కడుపు నిండదు. సంఘంల దొరకని పైసలు బయట నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చినోళ్లు, పుస్తెలతాడు కుదువ పెట్టినోళ్లు మన నడుమనే ఉన్నరు.

సంఘాలు చేసిన పని కూడ చెప్పుకోవాలె. ఏప్రిల్ 10 నాడు మాస్కు తప్పనిసరి అన్నప్పుడు బజార్ల మాస్కు లేదు. రాష్ట్రమంత మిషన్లు ఉన్న సభ్యులు ఇండ్లల్ల కూసొని గుడ్డ మాస్కులు కుట్టిన్రు. యాసంగి పంట ఊర్లల్లనే కొంటమని సర్కారు అన్నప్పుడు ఐకేపీ సంఘాలు కొనుగోలు కేంద్రాలు నడిపినయి, టోకెన్లు రాసినయి, తేమ చూసినయి, టార్పాలిన్లు కప్పినయి. ఆ ఏడు మక్కలకు మద్దతు ధర క్వింటాలుకు 1,760, శనగలకు 4,875. అంగడికి పోయే దారి లేని కాలంల ఆ ధర దొరుకుడు చిన్న ముచ్చట కాదు. హమాలీలు లేక ఎంత తిప్పలైందో కూడ యాదుండాలె. మే 1 నాడు లింగంపల్లి నుంచి ఝార్ఖండ్ హటియాకు 1,200 మంది దాక కూలీలతోని దేశంల మొదటి శ్రామిక్ రైలు పోయింది. వారం తిరిగేసరికి బియ్యం మిల్లుల పనికి బీహార్ నుంచి రెండు వందల పైచిలుకు హమాలీలు రైలెక్కి ఇటు వచ్చిన్రు. కూలీ లేకుంటే రాష్ట్రం నడవదని అప్పుడు అందరికీ తెలిసింది.

44 నంబరు హైవే మనకు దగ్గరే. నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదికెల్లి నాగ్‌పూర్ దిక్కు నడిచిపోయినోళ్లను చూడనోళ్లు ఈ సభల తక్కువ. చంకల పిల్ల, నెత్తి మీద మూట, కాళ్లకు పగిలిన చెప్పులు. వాళ్లు బీహార్ వాళ్లా, యూపీ వాళ్లా అని అడగకుండ రోడ్డు మీద నీళ్లు, రొట్టెలు పెట్టిన ఊర్లున్నయి. వేరే రాష్ట్రాల కూలీలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తమని మన సర్కారు చెప్పింది. కానీ పని కాడ పేరు రాయించుకున్నోళ్లకు దొరుకుడు ఒక తీరు, రోడ్డు మీద నడిచేటోనికి దొరుకుడు ఇంకో తీరు. నడిచేటోని పేరు ఏ లిస్టుల ఉంటది?

ఇంటి లోపలి సంగతి కూడ ఈ సభల మాట్లాడాలె. అందరు ఇంట్లనే ఉంటే పని ఎవరికి పెరిగింది? నీళ్లు, వంట, గిన్నెలు, ముసలోళ్ల మందులు, పిల్లల చదువు, అన్నీ ఆడోళ్ల మీదనే. మందు దుకాణాలు బంద్ అయిన నెలన్నర కొన్ని ఇండ్లు నిమ్మళంగ ఉన్నయి, కొన్ని ఊర్లల్ల మళ్ల గుడుంబ లేసింది. మే 6 నాడు ధర పెంచి దుకాణాలు తెరిచిన్రు. దుకాణం తెరిచిన దినమే ఖాతాల పడ్డ పైసలు ఎటు పోయినయో చానమంది అక్కలు చెప్పిన్రు. కొట్టుడు పెరిగింది. తల్లిగారింటికి పోదామంటే బస్సు లేదు, ఫోన్ చేద్దామంటే ఫోన్ ఆయన జేబుల. 181కి ఫోన్ చేస్తే సాయం ఉంటదని, సఖి కేంద్రం ఉన్నదని తెలిసినోళ్లు తక్కువ. వేపచెట్టు కింద దూరం దూరం కూసొని పెట్టిన సంఘం మీటింగే చానమందికి ఇల్లు దాటిన ఒక్క గంట.

పిల్లల చదువు. 2020 మార్చి 16 నుంచి బడులు మూతపడ్డయి. పదో తరగతి పరీక్షలు మూడు పేపర్లు రాసినంక ఆగినయి, జూన్‌ల అందరినీ పాస్ చేసిన్రు. సెప్టెంబర్ 1 నుంచి టీశాట్‌ల, దూరదర్శన్ యాదగిరిల పాఠాలు మొదలైనయి. టీవీ ఉన్న ఇంటికి అది ఉపయోగపడ్డది. గుట్టల దగ్గరి గూడేలల్ల కరెంటు ఉంటే సిగ్నల్ లేదు, సిగ్నల్ ఉంటే ఫోన్ల రీచార్జి లేదు. ఇంట్ల ఒక్క ఫోన్ ఉంటే అది మొగపిల్లగాని చేతుల. ఆడపిల్ల చెల్కల పత్తి ఏరుతాంది. అట్ల ఏడాది పోయిన పిల్లకు “ఇగ చదువెందుకు” అని సంబంధం చూసుడు మొదలైంది. 2021 సెప్టెంబర్ 1 నుంచి బడులు మళ్ల తెరిచిన్రు, కానీ గురుకులాలు కోర్టు ఆదేశంతోని అప్పుడు తెరువలే. మన ఆడపిల్లలు చానమంది గురుకులాల, హాస్టళ్ల పిల్లలే. తెరిచిన దినం ఎంతమంది వాపస్ పోతరు అన్నదే అప్పుడు మన ముందున్న ప్రశ్న.

పాణం సంగతి. మొదటిసారి భయం ఎక్కువ, జబ్బు తక్కువ. రెండోసారి, 2021 ఏప్రిల్, మే నెలల్ల, జబ్బే ఇండ్లల్లకు వచ్చింది. ఆదిలాబాద్ రిమ్స్ దాక పోయినోళ్లు, ఆక్సిజన్ కోసం ఉరికినోళ్లు, ప్రైవేటు దవాఖానల బిల్లుకు ఎద్దులమ్మినోళ్లు మన నడుమ ఉన్నరు. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ టీచర్లు ఇంటింటికి తిరిగి జ్వరం చూసిన్రు, గుడ్లు, బాలామృతం ఇంటికే తెచ్చిచ్చిన్రు. వాళ్లల్ల చానమంది మన సంఘాల సభ్యులే. ఈ సభ తరఫున వాళ్లకు దండం పెడుతున్నం. సూది అంటే భయపడ్డ ఊర్లల్ల ముందుగాల సంఘం అధ్యక్షురాలు వేయించుకొని తెల్లారి అందరికి కనబడితే, వెనుక ముసలవ్వలు కదిలిన్రు.

మన నుంచి పోయిన సభ్యులను తలుచుకుంటూ ఒక పనికొచ్చే ముచ్చట. 2021ల ఖాతాల నుంచి ఏటా 330 రూపాయలు కట్ అయితే అది ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా. కరోనాతోని పోయినా 2 లక్షలు వస్తయి. పోయిన మనిషి పాసుపుస్తకం తెరిచి ఆ బీమా పైసలు కట్ అయినయా లేదా చూడుండ్రి. పైసలు ఉన్నయని తెలవక అడగనోళ్లు ఉన్నరు.

బయట ఏం చేసిన్రో కూడ వినాలె. కేరళల కుటుంబశ్రీ సంఘాలు పంచాయతీలతోని కలిసి వెయ్యికి పైగ సామూహిక వంటశాలలు నడిపినయి. ఝార్ఖండ్‌ల సంఘాల అక్కలు ‘దీదీ కిచెన్’ పేరుతోని ఊర్లల్ల బువ్వ పెట్టిన్రు. అక్కడ కార్డు అడగలే, పళ్లెం పట్టుకొని వచ్చినోళ్లకు పెట్టిన్రు. మనకు కూడ ఈ పని కొత్తది కాదు. వెలుగు, ఐకేపీ కాలంల గ్రామ సంఘాలు బియ్యం ఒక్కసారే కొని సభ్యులకు అప్పు మీద ఇచ్చినయి. ఆ అలవాటు మనకున్నదే, మళ్ల పట్టుకోవాలె.

ఇగ తీర్మానాలు.

ఒకటి: ప్రతి గ్రామ సంఘం ఒక రిజిస్టర్ పెట్టాలె. కార్డు లేని ఇల్లు, కార్డుల పేరు లేని మనిషి, ఖాతా లేని ఆడమనిషి, ఒంటరి ముసలోళ్లు, బయటి నుంచి వచ్చి ఊర్లె పని చేసేటోళ్లు. మన సభ్యులైనా కాకున్నా రాయాలె. మూడు నెలలకోసారి గ్రామసభల ఆ పేర్లు చదవాలె, పంచాయతీకి, తహసీల్ ఆఫీసుకు ఇయ్యాలె, ఇచ్చినట్టు సంతకం తీసుకోవాలె. ఆపద వచ్చిన దినం లిస్టు రాసుడు మొదలుపెడితే ఆలస్యమైతది.

రెండు: గింజల నిల్వ. ఒక్కో సభ్యురాలు వారానికి అర కిలో జొన్నలో బియ్యమో తీసి పెడితే పది మంది సంఘంల నెలకు 20 కిలోలు. ఇరవై సంఘాలున్న గ్రామ సంఘంల నెలకు 4 క్వింటాళ్లు. మూడు నెలలకోసారి పాతవి అవసరమున్నోళ్లకు బదులు కింద ఇచ్చి, పంట కాలంల వాపస్ తీసుకోవాలె, పురుగు పట్టదు. కంట్రోలు బియ్యం అమ్ముడు, కొనుడు మాత్రం దీంట్ల కలవద్దు.

మూడు: కంతు. దీని మీదనే పంచాయితీ ఎక్కువైతదని మాకు ఎరుకే. ఒక్కరు కట్టకుంటే తొమ్మిది మందికి దెబ్బ, టైముకు కట్టిన సంఘానికే మిత్తి రాయితీ, బ్యాంకు కాడ పేరు పోతే వచ్చే ఏడు అప్పు పుట్టదు. ఇది నిజం. పని లేక, పాణం బాగలేక కట్టలేని మనిషి ఉన్నది కూడ అంతే నిజం. మా సలహా ఇది. మీటింగుల అందరి ముందు మాట్లాడి, సంఘం సొంత పొదుపు నుంచి ఆమె కంతు కట్టాలె, అది ఆమె పేరు మీద చిన్న అప్పుగ రాసుకోవాలె. బ్యాంకు కాడ సంఘం పేరు నిలుస్తది, ఆమె ఇజ్జత్ నిలుస్తది. వసూలు పేరు మీద ఎవరి ఇంటి గిన్నె, సిలిండర్ ముట్టొద్దు. బ్యాంకు కొత్త పథకం ఏది చెప్పినా, వాయిదానా మాఫీనా అని అడిగి, మిత్తి ఎంత పడుతదో మీటింగుల బోర్డు మీద రాసినంకనే సంతకం పెట్టాలె.

నాలుగు: పదమూడేండ్లు దాటిన ప్రతి ఆడపిల్ల పేరు సంఘం కాడ ఉండాలె. బడి తెరిచిన వారంల పోయిందా లేదా చూడాలె. పోకుంటే ఇద్దరు సభ్యులు ఆ ఇంటికి పోయి అమ్మతోని, నాయినతోని మాట్లాడాలె. 18 నిండక ముందు పెండ్లి అంటే 1098కి ఫోన్ చెయ్యాలె. అది మన సభ్యురాలి బిడ్డయినా సరే. అక్కడనే కష్టం, అక్కడనే సంఘం అవసరం.

ఈ నాలుగిటికి సర్కారు నుంచి కొత్త జీవో అక్కర లేదు. సర్కారు చేయాల్సింది సర్కారు చేయాలె, దాన్ని మనం అడుగుతనే ఉండాలె. కానీ అడగాలంటే మన చేతుల పేర్లుండాలె, లెక్కలుండాలె. “మా ఊర్లె చానమందికి రాలేదు” అంటే ఎవరు వినరు. “ఇగో ఇంతమందికి రాలేదు, ఇవి పేర్లు” అంటే వినక తప్పదు.

ఇగ మీ వంతు. ఒక్కొక్క తీర్మానం మళ్ల చదువుతం. మొదటిదానికి ఒప్పుకునేటోళ్లు చేతులెత్తండి. ఒప్పుకోనోళ్లు లేచి మాట్లాడండి, అందరం వింటం.